అలివి వల లాగిన పొద్దు

శ్రోతలకు నమస్కారం.

మాది భీమిలి. కాగితాల మీద భీమునిపట్నం. వేసవి సెలవులిచ్చారంటే మా ఇంట్లో ముందుగా నిండిపోయేది చెప్పుల స్టాండు. హైదరాబాద్ నుంచి తమ్ముడు, రాయపూర్ నుంచి చెల్లెలు, వాళ్ళ పిల్లలు నలుగురు. రైలు దిగి ఇంటికొచ్చి ఇంకా మొహాలైనా కడుక్కోరు, మొదలు. "పెదనాన్నా, బీచ్‌కి ఎప్పుడు?" "మావయ్యా, బీచ్‌కి ఎప్పుడు?"

వాళ్ళ లెక్కలో బీచ్ అంటే సాయంత్రం. మొక్కజొన్న పొత్తులు, ముంత మసాలా, సెల్ఫీలు. కాదనను, నేనూ తింటాను. కానీ సాయంత్రం సముద్రం చూడ్డానికి వచ్చిన జనానిది. పొద్దుటి సముద్రం అక్కడ బతికేవాళ్ళది. నాకు పొద్దుటిదే ఇష్టం.

చూపించడానికి మా ఊళ్ళో చాలా ఉన్నాయి. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు, విశాఖ నుంచి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరండీ మాది. ఈ ముక్క చెప్పకుండా భీమిలివాడు మైకు వదలడు, అందుకని చెప్పేశాను. ఇక వల దగ్గరికి పోదాం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకీ ఇంజను పడవలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. తెడ్లతో నడిచే పడవలకి మాత్రం ఆ అడ్డు లేదు. అందుకే ఎండాకాలం అలివి వల చూడాలి. ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల అది.

పోయినేడు నాలుగున్నరకే పిల్లల్ని లేపాను. మా చెల్లెలు నన్ను తిట్టింది, అది వేరే సంగతి. మే నెలలో అయిదుంబావుకే తెల్లారిపోతుంది మరి. మేం వెళ్ళేసరికి తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంది. పడవ వల వదులుకుంటూ లోపలికి పోయి, చుట్టు తిరిగి, రెండో కొస దూరంగా ఇంకో జట్టుకి అందించింది. ఇక లాగుడే. హైలెస్సా... హైలెస్సా... నడుముకి తాడు ఆనించి వెనక్కి నడవడం, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి తాడు పట్టుకోవడం. లాగేకొద్దీ రెండు జట్లూ దగ్గరవుతుంటాయి.

మా నలుగురూ తాడు పట్టారు. పది నిమిషాలకి చిన్నదాని అరచేతులు ఎర్రబడ్డాయి. వదల్లేదు. గంటన్నర పట్టింది వల ఒడ్డెక్కడానికి. చూస్తే ఏముంది? రెండు బుట్టల నెత్తళ్ళు, కొన్ని కవ్వళ్ళు, నాలుగు పీతలు, వాటితో పాటు చిప్స్ ప్యాకెట్లు.

"ఇంతేనా?" అంది మా చిన్నది.

"ఇంతేటి పాపా? ఇయ్యాల కూరకొచ్చినాది కదా!" అన్నాడు వల లాగే జట్టులో ఒక ముసలాయన నవ్వుతూ. లాగినవాళ్ళకి వాటా ఇవ్వాలని రెండు గుప్పెళ్ళ నెత్తళ్ళు మా తమ్ముడి కొడుకు టోపీలో పోశాడు. ఆ వాటా చూసుకుని వాడు పడిన గర్వం నేను మొదటి జీతానికి కూడా పడలేదు.

ఇప్పుడు అసలు మాట. వల అయిపోయాక స్నానాలు చేస్తామన్నారు. వాడే ఒక చోటు చూపించి, "పెదనాన్నా, అక్కడైతే కెరటాల్లేవు, అక్కడ దిగుదాం" అన్నాడు. నిజమే, అటూ ఇటూ తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో మాత్రం నీళ్ళు నున్నగా ఉన్నాయి.

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కడొద్దు బాబూ. నీరు లోనికి ఎల్లిపోతన్నాది."

కెరటాలు తెచ్చిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా. లోతైన దారి ఎక్కడుంటే అక్కడినుంచి పోతాయి. రిప్ కరెంట్ అంటారు. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు. మనకి ప్రశాంతంగా కనబడుతుంది. గుర్తుపెట్టుకోండి, కెరటం విరగని చోట దిగొద్దు. పిల్లలకీ చెప్పండి, కెరటం విరగని చోట దిగొద్దు. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుంటుందనీ లేదు, చోటు మారుతుంది.

ఒకవేళ ఎవరైనా చిక్కుకుంటే అది అడుక్కి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. ఎదురీదితే ఒళ్ళు అలిసిపోతుంది, మునిగేది ఆ అలుపుకే. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకకండి. తాడో, మూత బిగించిన ఖాళీ నీళ్ళ టిన్నో విసరండి, చేపలోళ్ళని కేకెయ్యండి.

ఆ తర్వాత వారం రోజులూ మా పిల్లలకి అదే ఆట. ఇవాళ దారి ఎక్కడుందో ముందు ఎవరు కనిపెడతారని పందెం. తప్పకుండా చిన్నదే గెలిచేది.

ఈ ఏడాది ఆదివారం దిగుతున్నారు. టోపీ ఎన్నిసార్లు ఉతికినా నెత్తళ్ళ వాసన పోలేదని తమ్ముడు ఫోన్‌లో గొడవ. కొత్తది కొనొద్దు, అదే తెమ్మన్నాను.

నమస్కారం.