యూట్యూబ్‌లో పెడతారు కదా, కచేరీకెందుకు?

అందరికీ నమస్కారం. ఈ కర్ణాటక సంగీత కచేరీకి ముందు కాసేపు మాట్లాడమన్నారు. మైకు దొరికింది కదా అని సాగదీయనులెండి.

ఈమధ్య ఎవర్ని రమ్మన్నా ఒకటే జవాబు, "యూట్యూబ్‌లో పెడతారు కదండీ, ఇంట్లో చూసుకుంటాం." నిజమే, పెడతారు. ట్రాఫిక్ లేదు, పార్కింగ్ గొడవ లేదు, ముందు సీటాయన తల అడ్డం రాదు. ఇక హాల్లో సౌండంటారా, ఒక్కోచోట మృదంగం మైకు ఎంత పెంచేస్తారంటే గాయకుడు ఏ కీర్తన పాడుతున్నాడో పెదాలు చూసి పోల్చుకోవాలి.

రికార్డింగుల్ని తిట్టడం నా పని కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964లో పోయారు, ఆయన వయొలిన్ ఇవాళ మనం వింటున్నామంటే ఆ రికార్డుల పుణ్యమే. కాకపోతే పాత 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు సుమారు మూడు, మూడున్నర నిమిషాలు, ఎంత విద్వాంసుడైనా అందులోనే ఇరికించాలి. ఇప్పుడు మూడు గంటల కచేరీ ఫోన్లో పడుతుంది, కత్తెర మాత్రం మన చేతికొచ్చింది. కీర్తనకి ముందు రాగాన్ని విస్తరించే ఆలాపన దాటేస్తాం, మృదంగం ఒక్కటే వాయించే తని దాటేస్తాం, తెలిసిన కీర్తన దగ్గర ఆగుతాం, అంటే మళ్ళీ ఆ మూడు నిమిషాలకే వచ్చాం!

అసలు సంగతేంటంటే, ఆలాపన ముందే రాసిపెట్టుకున్నది కాదు. తోడి రాగం పాడుతూ గాంధార స్వరం మీద నిలబడ్డాయన, ముందు వరసలో ఎవరో "ఆహా" అంటే అక్కడే ఇంకో రెండు పోకడలు పోతాడు, జనం దిక్కులు చూస్తున్నారనిపిస్తే చప్పున ముగించి కీర్తన ఎత్తుకుంటాడు. కచేరీ ఎటు నడవాలన్నదాంట్లో మనకూ వాటా ఉంది. 2020 డిసెంబర్‌లో కోవిడ్ వల్ల మద్రాసు సంగీత కచేరీల సీజన్ ఆన్‌లైన్‌కి వెళ్ళిపోయింది గుర్తుందా? ఖాళీ హాళ్ళలో కెమెరా ముందు పాడారు. సౌండ్ బ్రహ్మాండం, శ్రుతి ఎక్కడా చెదరలేదు. కానీ అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు అంత కష్టపడి లెక్కకు తెచ్చి దించాక, చప్పట్లు పడాల్సిన చోట ఏమీ లేదు. పాపం, వాళ్ళలో వాళ్ళే తలలూపుకుని తర్వాతి పాటలోకి వెళ్ళిపోయేవారు.

కెమెరా ఎప్పుడూ గాయకుడి మొహం మీదే ఉంటుంది. ఇక్కడ కూర్చుంటే వయొలిన్ వాయించేవాళ్ళని చూడొచ్చు, గాయకుడు ఎటు తిరుగుతాడో తెలియక కమాను తేలిక చేసి, అరక్షణం వెనకాలే నడుస్తూ, తమ వంతు రాగానే అదే రాగాన్ని ఇంకో దారిలో తీసుకెళ్తారు. మృదంగం ఆయన ఎడమ మూతకి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దడం, శ్రుతి మారితే పాటకీ పాటకీ మధ్య రాయితో అంచు మీద కొట్టి సరిచేసుకోవడం, ఇవన్నీ ఎడిటింగ్‌లో ఎగిరిపోతాయి.

తని ఆవర్తనం రాగానే సగం హాలు లేచి క్యాంటీన్‌కి పోవడం మన పాత జబ్బు. ఈసారి చేత్తో తాళం వేస్తూ కూర్చోండి. లెక్క తప్పితే పక్కాయన చెయ్యి చూసి కలుపుకోవచ్చు, ఇంట్లో ఆ సౌకర్యం లేదు. చివర కోర్వై, అంటే ముగింపు లయ వరస, మూడుసార్లు తిరిగొచ్చి గాయకుడు పాట ఎత్తుకునేచోట హాల్లో చేతులన్నీ ఒక్కసారే తొడల మీద పడతాయి చూడండి, దానికోసమే నేను వస్తాను.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, ఊళ్ళో కచేరీలే లేనివాళ్ళకీ యూట్యూబే దిక్కు, కాదనను. అయినా అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రికార్డింగులు దొరక్కనా? త్యాగరాజు పంచరత్న కీర్తనలు నలుగురితో కలిసి పాడాలంటే ఆ నలుగురి మధ్యా కూర్చోవాలి కదా.

సరే, కళాకారులు వచ్చేశారు. ఫోన్లో వీడియో తీసేవాళ్ళు మొదటి పాటతో ఆపేయండి, మీ వెనకాయన టికెట్ కొన్నది మీ స్క్రీన్ చూడ్డానికి కాదు.