దోహాలో గీత దాటిన బాల్

అందరికీ నమస్కారం.

నేను పెద్ద ఆటగాణ్ణేమీ కాను. ఇరవై రెండేళ్లు లోకల్ లీగుల్లో, కాలేజీ టోర్నమెంట్లలో విజిల్ ఊదాను. రెఫరీని ఎలా తిట్టాలో మీకు తెలుసు, ఆ తిట్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకే ఫుట్‌బాల్‌లో వీడియో రీప్లే ఉండాలా వద్దా అన్న విషయం మాట్లాడమని నన్ను పిలిచారనుకుంటా.

2024 జూన్ 11న దోహాలో ఖతర్‌తో మన మ్యాచ్ చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. పర్లేదు, కొందరైనా ఉన్నారు. అది వరల్డ్ కప్ క్వాలిఫయర్. సునీల్ ఛెత్రీ రిటైరయ్యాక మన టీమ్ ఆడిన మొదటి మ్యాచ్. 37వ నిమిషంలో మన ఛాంగ్తే గోల్ కొట్టాడు. అలాగే గెలిచి బయటపడితే మొదటిసారి మూడో రౌండ్‌కి వెళ్తాం. 73వ నిమిషంలో ఖతర్‌కి ఫ్రీ కిక్ వచ్చింది. వాళ్ల యూసెఫ్ ఐమన్ హెడర్ కొట్టాడు, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బాల్ మెల్లగా దొర్లుకుంటూ పోస్టు పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. ఇక కార్నరే కదా అని మనవాళ్లు ఆగిపోయారు. ఈలోగా ఖతర్ ఆటగాడు అల్ హష్మీ కాలు చాచి బాల్‌ని లోపలికి లాక్కున్నాడు. ఐమన్ గోల్లోకి తోసేశాడు. మనవాళ్లు రెఫరీని చుట్టుముట్టారు, లైన్స్‌మన్‌ని అడిగారు. అయినా గోల్ గోలే అన్నారు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకోటి కొట్టింది. 2-1. అంతటితో సరి.

టీవీ ముందు కూర్చున్నవాడికి రీప్లే చూడగానే అర్థమైపోయింది. తెలియాల్సిన ఆ ఒక్క మనిషికే చూసే దారి లేదు. ఆ రౌండ్‌లో వీఏఆర్, అంటే స్క్రీన్ల ముందు కూర్చుని రీప్లే చూసి మైదానంలోని రెఫరీకి చెప్పే వీడియో రెఫరీ, పెట్టలేదు. ఇక్కడ నాకు కడుపు మండేది ఏంటంటే, 2022లో అదే ఖతర్‌లో వరల్డ్ కప్ జరిగినప్పుడు ఆఫ్‌సైడ్ (తనవాడు బాల్ కొట్టే క్షణానికి ఆటగాడు అవతలి డిఫెండర్లకంటే ముందుండటం) పట్టుకోవడం కోసం స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. బాల్ లోపల సెన్సర్ పెట్టారు, అది సెకనుకి 500 సార్లు సమాచారం పంపేది. మొదటి మ్యాచ్‌లోనే, మూడో నిమిషంలో ఈక్వడార్ ఆటగాడు వలెన్సియా కొట్టిన గోల్‌ని దాని సాయంతోనే రద్దు చేశారు. ఏడాదిన్నర తిరిగిందో లేదో, అదే దేశంలో బాల్ గీత దాటితే చూసే కన్ను లేకపోయింది. కెమెరాలు పెద్ద పెళ్లికే గానీ, చిన్నింటి పెళ్లికి రావన్నమాట.

ఆ రెఫరీని నేను తిట్టలేను. ఎందుకో చెబుతా.

చాలా ఏళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ మ్యాచ్. ఎడమ వైపు నుంచి గట్టి షాట్ వచ్చింది, బాల్ వెళ్లి వలలో పడింది. విజిల్ ఊది సెంటర్ చూపించాను, అంటే గోల్ ఇచ్చేశాను. గోల్‌కీపర్ ఇంటర్ చదివే పిల్లాడు. ఏదో అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. గోల్ తిన్న ప్రతి కీపరూ అరుస్తాడు కదా, నేను పట్టించుకోలేదు. హాఫ్ టైమ్‌లో ఆ పిల్లాడు మళ్లీ వచ్చి, "సార్, ఒక్కసారి ఇటు రండి" అని పోస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. పక్క వలలో చిరుగు ఉంది. అందులోంచి చెయ్యి అవతలికి పెట్టి నాకేసి ఊపాడు. బాల్ బయటినుంచి ఆ కంతలోంచి దూరింది! ఆ వలని మ్యాచ్‌కి ముందు చూసుకోవాల్సింది నేనే. కానీ ఒకసారి ఆట మళ్లీ మొదలయ్యాక గోల్ మార్చడానికి లేదు, నిబంధన అది. వాళ్లు 1-0తో ఓడిపోయారు.

ఇలాంటిదే 2013లో జర్మనీలో జరిగింది. లెవర్‌కూసెన్, హోఫెన్‌హైమ్ మ్యాచ్‌లో లెవర్‌కూసెన్ ఆటగాడు కీస్లింగ్ హెడర్ పక్క వల కంతలోంచి దూరితే గోల్ ఇచ్చేశారు. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఆ వార్త చదివాక నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

మరి అన్నిచోట్లా వీఏఆర్ పెట్టేస్తే సరిపోతుందా? 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్ చూడండి. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గదిలో స్క్రీన్ల ముందున్న రెఫరీ గీతలు గీసి చూశాడు, ఆఫ్‌సైడ్ కాదు. అయితే మైదానంలో గోల్ ఇచ్చేశారని ఆయన పొరబడి, చెక్ అయిపోయిందని చెప్పేశాడు. దాంతో గోల్ లేనట్టే ఆట మళ్లీ మొదలైంది. తప్పు తెలిసేసరికి చేసేదేమీ లేదు. నాకు అడ్డొచ్చిన నిబంధనే వాళ్లకీ అడ్డొచ్చింది. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఆ మాటల ఆడియో తర్వాత బయటపెట్టారు, వినండి. పొరపాటు తెలిశాక ఆ గదిలో టెన్షన్ ఎలా ఉందో చెవులకే తెలుస్తుంది.

క్రికెట్‌లో థర్డ్ అంపైర్ ఉన్నాడు కదా, ఇక్కడేంటి గొడవ అంటారు చాలామంది. క్రికెట్‌లో బంతి బంతికీ ఆట దానంతటదే ఆగుతుంది, ఆ ఖాళీలో రీప్లే ఇమిడిపోతుంది. ఫుట్‌బాల్‌లో ఆటని మనమే ఆపాలి. గోల్ పడగానే ఎగిరి గంతేయాల్సిన జనం స్క్రీన్ కేసి చూస్తూ నిలబడతారు. మోకాలు ముందుందా, భుజం ముందుందా అని నిమిషాలు నిమిషాలు గీతలు గీస్తారు. స్పష్టమైన తప్పునే సరిదిద్దాలని మొదట్లో అన్నారు. గీతలు గీస్తే గానీ కనబడనిది స్పష్టమైన తప్పు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2024లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో వోల్వ్స్ క్లబ్ వీఏఆర్‌ని తీసేద్దామంటే మిగతా 19 క్లబ్బులూ తీసేయొద్దన్నాయి. అదే ఏడాది నార్వేలో జనం వీఏఆర్‌తో విసుగెత్తి మైదానంలోకి చేప వడలు విసిరితే మ్యాచే ఆగిపోయింది.

నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. 2024లో కొలంబియాలో అమ్మాయిల అండర్-20 వరల్డ్ కప్‌లో ఫిఫా ప్రయత్నించి చూసింది. వీడియో గది లేదు, అందులో వేరే రెఫరీ లేడు. కోచ్‌కి మ్యాచ్‌కి రెండు రివ్యూలు. అనుమానం వస్తే ఆయనే అడగాలి, రెఫరీ స్వయంగా వెళ్లి స్క్రీన్ చూస్తాడు. రివ్యూ నెగ్గితే లెక్కలోంచి పోదు. క్రికెట్‌లో మన డీఆర్ఎస్ రివ్యూలు తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. రెండే ఉన్నాయనేసరికి ఏ కోచ్ కూడా గోటి మొన ఆఫ్‌సైడ్ కోసం వాటిని పారేసుకోడు. నాలుగైదు కెమెరాలు ఉన్నా పని నడుస్తుంది. ఆ రాత్రి దోహాలో ఇది ఉండుంటే మన బెంచీకి ఒక్క రివ్యూ చాలు.

మనకి ఇక్కడ ఆపాటి కెమెరాలు కూడా లేవు, తెలుసు. అనుమతి లేకుండా అసలు మ్యాచుల్లో వీడియో చూసి నిర్ణయం మార్చకూడదు, అదీ తెలుసు. అందుకే వచ్చే నెల ప్రాక్టీస్ మ్యాచుల్లో చేసి చూద్దామంటున్నా. రెండు గోల్ పోస్టుల వెనక రెండు ఫోన్లు, స్టాండ్ మీద. కోచ్‌కి ఒక్క రివ్యూ, అదీ బాల్ గీత దాటిందా లేదా అన్నదానికే. వాకిలి దగ్గర బల్ల మీద కాగితం పెట్టాను, ఫోన్ ఇవ్వగలిగినవాళ్లు పేరు రాయండి. వద్దనే రెఫరీలు టీ తాగేటప్పుడు నన్ను పట్టుకోండి, మాట్లాడుకుందాం. ఆ, ఇంకోటి. వలలు కుట్టడానికి నైలాన్ తాడు తెచ్చాను. అది మాత్రం ఈ రోజే మొదలుపెడదాం.