ఏ రికార్డింగు వినమంటారు?

శ్రోతలకు నమస్కారం.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినే నలుగురు ఒకచోట చేరారంటే, బాగున్నావా అనడం అవగానే వచ్చే మాట "ఇప్పుడేం వింటున్నావు?" దాని వెంటనే ఇంకోటి వస్తుంది, "ఎవరిది?" అని. కొత్తవాళ్లకి ఈ రెండో ప్రశ్నే అర్థం కాదు. బీథోవెన్ ఐదో సింఫనీ అని చెప్పాక ఇంకా ఎవరిదేమిటి, బీథోవెన్‌దే కదా! నేను కూడా మొదట్లో అలాగే తెల్లమొహం వేశాను.

సింఫనీ అంటే ఆర్కెస్ట్రా, అంటే పెద్ద వాద్యబృందం, కలిసి వాయించే కొన్ని భాగాల పెద్ద రచన. బీథోవెన్ రాసింది కాగితం మీది స్వరాలు. 1808 డిసెంబర్ 22న వియన్నాలో ఆ సింఫనీ మొదటిసారి వినిపించింది. నాలుగు గంటల కచేరీ, వణికించే చలి. ఆ రోజు అది ఎలా ఉందో మనం వినలేం. మనం వినేదల్లా తర్వాతివాళ్లు ఆ కాగితాన్ని చదువుకున్న తీరు. అందుకని నన్నెవరైనా "ఒక్క మంచి రికార్డింగు చెప్పు" అని అడిగితే నేను రెండు చెబుతాను. వాళ్లు విసుక్కుంటారు. అయినా రెండే చెబుతాను. ఒక్కటే వింటే అందులో రచయిత ఎంత, వాయించినవాళ్లు ఎంత అన్నది తెలియదు. రెండోది విన్నాక మొదటిదాంట్లో ఏం జరిగిందో అప్పుడు వినపడుతుంది.

ఆ ఐదో సింఫనీనే తీసుకుందాం. ఎక్కువమంది చెప్పేది కార్లోస్ క్లైబర్ నడిపించగా వియన్నా ఫిల్హార్మనిక్ ఆర్కెస్ట్రా 1974లో వాయించినది. ఆయన కండక్టర్. టిక్కెట్లు కొట్టే కండక్టర్ కాదు లెండి, చేతిలో చిన్న పుల్లతో వందమందిని నడిపించే మనిషి. క్లైబర్ జీవితం మొత్తం మీద చేసిన రికార్డింగులు బహు తక్కువ. చేసినవాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది, ఆ పేరు ఊరికే రాలేదు. దీనికి జతగా ఏది వినమంటారంటే, వాళ్ల నాన్నదే. ఎరిక్ క్లైబర్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో ఇదే సింఫనీ రికార్డు చేశాడు. తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి ఏం వచ్చింది, కొడుకు ఏం మార్చాడు అన్నది మీరే తేల్చుకోవచ్చు.

ఊరికే "బాగుంది విను" అనడం నాకిష్టం లేదు, ఎక్కడ చెవి పెట్టాలో కూడా చెప్పాలి. మొదటి భాగంలో అందరికీ తెలిసిన ఆ మూడు పొట్టి, ఒక పొడుగు దెబ్బలు మళ్లీ తిరిగి వచ్చిన కాసేపటికి ఆర్కెస్ట్రా అంతా ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్క ఓబో మాత్రం, అంటే మన సన్నాయికి దూరపు చుట్టంలాంటి వాద్యం, తాళం లేకుండా నాలుగు స్వరాలు ఆలాపనలాగా తీస్తుంది. కొన్ని క్షణాలే. కొందరు దాన్ని వీలైనంత సాగదీస్తారు, కొందరు అక్కడేమీ లేనట్టు దాటేస్తారు. ఆ ఒక్కచోట విన్నా చాలు, కండక్టర్ ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది.

మూడోది కూడా చెప్పాలనుంది. ఇది మంచి రికార్డింగని కాదు. ఇదే సింఫనీ, 1913లో ఆర్తూర్ నికిష్ నడిపించగా బెర్లిన్ ఫిల్హార్మనిక్ వాయించినది. ఓ సింఫనీని మొత్తంగా రికార్డు చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అప్పటికి మైక్రోఫోన్ వాడకం రాలేదు, అది 1925 నుంచి. ఓ పెద్ద గొట్టం ముందు వాద్యకారులు ఒకరి మీద ఒకరు పడేట్టు కిక్కిరిసి కూర్చుని వాయించాలి. ఆ ధ్వనికే సూది కదిలి మైనం మీద గీత పడాలి. పైగా డిస్కు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలకి మించి పట్టదు. అరగంట సంగీతాన్ని ముక్కలు ముక్కలు చేసి ఎనిమిది వైపులకి సర్దారు. వినేటప్పుడు గరగరలో సంగీతం ఎక్కడో గోడ అవతల జరుగుతున్నట్టుంటుంది. మొదటి ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, చెవి గరగరని పక్కకి తోసేస్తుంది. ఆ తర్వాత వినపడేది పందొమ్మిదో శతాబ్దంలో నేర్చుకున్న ఓ మనిషి పద్ధతి.

ఇక ఈ జతల ఆటకి దొరికే ఉదాహరణల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకే మనిషి రెండుసార్లు వాయించినది. బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, అచ్చయింది 1741లో. ముందు ఏరియా అనే ఓ నెమ్మదైన పాట, దాని మీద ముప్పై రూపాంతరాలు, చివర్లో మళ్లీ అదే ఏరియా. రాసింది రెండు మెట్ల వరసలుండే హార్ప్సికార్డ్ కోసం, అంటే పియానోకి ముందుతరం వాద్యం. దాన్ని ఒకే వరస ఉన్న పియానో మీద వాయిస్తే కొన్నిచోట్ల రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగాల్సిందే.

కెనడా పియానో వాద్యకారుడు గ్లెన్ గూల్డ్ 1955 జూన్‌లో న్యూయార్క్‌లో, పాత చర్చిని స్టూడియోగా మార్చిన ఓ హాల్లో దీన్ని రికార్డు చేశాడు. వయసు 22. మొత్తం 38 నిమిషాలు. పరుగే పరుగు. వినేవాడికి ఊపిరి ఆడదు, అతనికి మాత్రం అదేదో సరదాగా ఉన్నట్టుంటుంది. 1964లో కచేరీలు పూర్తిగా మానేశాడు. జనం ముందు వాయించడం కంటే స్టూడియోలో కూర్చుని టేపు కోసి అతికించుకోవడమే నయమన్నాడు. అన్నాక 1981లో అదే హాలుకి తిరిగొచ్చి అదే రచనని మళ్లీ మొదటినుంచీ రికార్డు చేశాడు. ఈసారి 51 నిమిషాలు. అది 1982లో విడుదలైన కొద్ది రోజులకే, అక్టోబర్ 4న, యాభై ఏళ్లు నిండిన తొమ్మిదో రోజున పోయాడు.

ఇది విన్నాక అందరూ ఒక కథ అల్లుకుంటారు. కుర్రతనంలో పరుగు, చావు ముందు నెమ్మది అని. మొదటి ఏరియా వింటే నిజమే అనిపిస్తుంది కూడా. 1955లో అది రెండు నిమిషాల లోపే అయిపోతుంది, 1981లో మూడు నిమిషాలు పడుతుంది. కానీ గడియారం పట్టుకుని ఇరవై అయిదో రూపాంతరం దగ్గర ఆగండి. మొత్తం రచనలో అన్నిటికన్నా బరువైనదీ, దిగులైనదీ అదే. దాన్ని 22 ఏళ్ల కుర్రాడు ఆరున్నర నిమిషాలకి దగ్గరగా వాయించాడు. యాభైకి చేరువైనవాడు ఆరు నిమిషాల్లో ముగించాడు. అంటే కథ తిరగబడింది! దీనికి కారణం ఉంది. రెండోసారి వచ్చేసరికి రచన మొత్తానికీ లోపల ఒకే నాడి కొట్టుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఒకచోట కరిగిపోయి ఇంకోచోట పరుగెత్తడం ఒప్పుకోలేదు. నిమిషాలు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటిసారి బాఖ్ మళ్లీ వాయించమన్న భాగాలన్నీ వదిలేశాడు, రెండోసారి వాటిలో కొన్ని వాయించాడు.

రెండింట్లోనూ పియానో వెనకాల సన్నగా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తే మీ స్పీకర్ పాడయిందనుకోకండి. అది గూల్డే. ఎంత చెప్పినా మానలేకపోయాడు. నా స్నేహితుడొకడికి ఆ కూనిరాగం అంటే ఒళ్లుమంట, దాని మూలంగానే రెండు రికార్డింగులూ పక్కన పెట్టేశాడు. అతనికి నేను వాండా లాండోవ్‌స్కా 1933లో హార్ప్సికార్డ్ మీద చేసినది ఇచ్చాను. అది విన్నాక గూల్డ్‌తో సగం రాజీపడ్డాడు. అంతకంటే ఎక్కువ నేనూ ఆశించలేదు.

బాఖ్ చెల్లో సూట్ల గురించి, అంటే వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లో ఒక్కదాని కోసం రాసిన నాట్యపు వరసల గురించి, ఒక్క మాటే చెబుతాను, వాటి గురించి ఇప్పటికే అందరూ చెబుతారు కాబట్టి. పాబ్లో కసాల్స్ 1936, 1939 మధ్య చేసినవి ఒకవైపు, పేగు తంతులు కట్టిన పాతకాలపు చెల్లో మీద ఆనర్ బిల్స్మా 1979లో చేసినవి ఇంకోవైపు పెట్టుకోండి. ఒకాయన ప్రార్థన చేస్తున్నట్టుంటుంది, ఇంకొకాయన కబుర్లు చెబుతున్నట్టుంటుంది. నా ఓటు కబుర్లకి.

చెల్లో అంటే గుర్తొచ్చింది. ఎల్గార్ చెల్లో కాన్చెర్టో, అంటే ముందు ఒక్క చెల్లో, వెనక ఆర్కెస్ట్రా ఉండే రచన. వాయించింది జాక్వెలిన్ డు ప్రే, 1965. అప్పటికి ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు. వెనక లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపించింది జాన్ బార్బిరోలి. 1919లో ఈ రచన మొదటిసారి వినిపించిన కచేరీలో అదే ఆర్కెస్ట్రాలో ఆయన చెల్లో వాయించాడు, కుర్రవాడిగా. రికార్డు చేసిన కింగ్స్‌వే హాలు ధ్వనికి పేరు పడ్డది, కానీ దాని కిందనుంచే భూగర్భ రైళ్లు వెళ్లేవి. ఆ హాల్లో తీసిన రికార్డింగుల్లో నిశ్శబ్దమైన చోట్ల ఆ రైలు గుడగుడ దొరుకుతుందని హెడ్‌ఫోన్ పెట్టుకుని వెతికేవాళ్లున్నారు. సంగీతాభిమానులకి పిచ్చి ఎన్ని రకాలో!

ఇప్పుడు ఫోనులోనే అన్నీ వినొచ్చు, అది నిజంగా వరమే. కానీ చిన్న చిక్కుంది. "మూన్‌లైట్ సొనాటా" అని వెతికితే వందల కొద్దీ వస్తాయి, ఎవరు వాయించారో, ఏ ఏడాదో కనపడదు. అందుకని మీకు ఎవరైనా రికార్డింగు చెబితే నాలుగు ముక్కలు రాసుకోండి: రచన, వాయించినవాళ్లు, కండక్టర్, సంవత్సరం. సంవత్సరం మరీ ముఖ్యం, ఎందుకంటే గూల్డ్‌లాగా ఒకే మనిషి రెండుసార్లు చేసి ఉండొచ్చు. షఫుల్ ఆపెయ్యండి. మూడో భాగం తర్వాత మొదటి భాగం వస్తే ఆ రచనకి అర్థమే ఉండదు. పాత రికార్డింగుల విషయంలో ఇంకోటి. గరగర మొత్తం తుడిచేసి శుభ్రంగా ఉన్నది దొరికిందని సంబరపడకండి. గరగరతోపాటు వయొలిన్ల పైస్థాయి మెరుపు కూడా పోయి ఉంటుంది. కాస్త గరగర ఉన్నదే తీసుకోండి.

ఇంతకీ నేనిప్పుడు ఏం వింటున్నానో చెప్పలేదు కదూ. మాలర్ తొమ్మిదో సింఫనీ, అదీ జతగానే. 1911లో మాలర్ పోయాడు. మరుసటేడు వియన్నాలో దీన్ని మొదటిసారి వినిపించినవాడు ఆయన శిష్యుడు బ్రూనో వాల్టర్. ఆ వాల్టరే 1961లో, 84 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలో దీన్ని స్టీరియోలో రికార్డు చేశాడు. 80 నిమిషాలు దాటుతుంది. ఎక్కడా తొందర లేదు, ప్రతి వాద్యం వేరుగా వినపడుతుంది.

జతలో ముందుది 1938 జనవరి 16న వియన్నాలో అదే వాల్టర్ నడిపించిన కచేరీ. అప్పట్లో దాన్ని జనం మధ్యే రికార్డు చేయించినవాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసింది కూడా ఈయనే. రెండు నెలలు తిరక్కుండా హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదుడైన వాల్టర్ ఇక ఆ నగరంలో ఉండలేకపోయాడు. ఆ రాత్రి ముందు వరసలో కూర్చుని వయొలిన్ వాయించిన ఆర్నల్డ్ రోజే, మాలర్‌కి స్వయానా బావగారు, లండన్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. అదే సింఫనీ ఇక్కడ 70 నిమిషాల్లో అయిపోతుంది.

చివరి పుటకి వచ్చేసరికి మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి తంతివాద్యాలే మిగులుతాయి. ఒక్కో స్వరానికీ మధ్య ఖాళీ పెరుగుతూ పోతుంది. 1961 రికార్డింగులో ఆ ఖాళీలు నిజంగా ఖాళీగా ఉంటాయి. 1938లో అలా కాదు. ఆ ఖాళీలో హాల్లో ఎవరో దగ్గుతారు. కాసేపాగి ఇంకొకరు. మొదట్లో ఆ దగ్గులంటే చిరాకుపడేవాణ్ని. ఈ వారం నాలుగోసారి వింటున్నాను, ఇప్పుడు వాటి కోసమే చూస్తున్నాను.