స్టేట్ టోర్నమెంట్‌కి ముందు హైస్కూల్ జట్టును అంచనా వేయడం ఎలా? 1954 ఇండియానా నుంచి నేర్చుకుందాం

నమస్తే అండి. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ బాస్కెట్‌బాల్ స్టేట్ టోర్నమెంట్ హడావుడి మొదలవుతుంది. సీజనంతా ఆడింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు, ఎందుకంటే ఇక్కడ ఒక్క ఆట ఓడితే ఇంటికే. కార్మెల్‌లోనో ఫ్రిస్కోలోనో పిల్లలు స్కూల్ జట్టుకి ఆడుతున్న మన తెలుగు అమ్మానాన్నలకి ఈ రోజుల్లో ఒకటే టెన్షన్: మా జట్టు ఎంత దూరం వెళ్తుంది? అప్పుడు చాలామంది చూసేది రెండే. ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అన్నది ఒకటి, జట్టులో బాగా పొడుగు కుర్రాడు ఉన్నాడా లేడా అన్నది రెండోది. నన్నడిగితే ఈ రెండూ అన్నిటికన్నా చివర చూడాలి. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక పాత టోర్నమెంట్‌లోకి వెళ్ళాలి.

[స్క్రీన్ మీద: 1954 మార్చి 20. ఇండియానాపొలిస్, బట్లర్ ఫీల్డ్‌హౌస్. మైలన్ 32, మన్సీ సెంట్రల్ 30]

మైలన్ అనేది ఇండియానాలో ఆగ్నేయ దిక్కున ఉన్న చిన్న ఊరు. ఆ ఏడాది వాళ్ళ హైస్కూల్లో మొత్తం పిల్లలు 161 మంది. ఫైనల్లో ఎదురుపడిన మన్సీ సెంట్రల్ దానికి దాదాపు పది రెట్లు పెద్దది, అప్పటికే నాలుగు స్టేట్ టైటిళ్ళు గెలిచిన స్కూలు, పైగా కుర్రాళ్ళు మైలన్ వాళ్ళకన్నా బాగా పొడుగు. అప్పట్లో ఇండియానాలో చిన్న స్కూళ్ళకి వేరే, పెద్ద స్కూళ్ళకి వేరే టోర్నమెంట్ అనేది లేదు, 751 స్కూళ్ళూ ఒకే గుంపులో ఆడాలి. అలాంటి చోట మైలన్ గెలిచింది, చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ అనే కుర్రాడు వేసిన షాట్‌తో. డెబ్బై ఏళ్ళు దాటినా దాన్ని అద్భుతం అనే చెప్పుకుంటారు. కానీ టోర్నమెంట్ మొదలవకముందే ఆ జట్టును జాగ్రత్తగా చూసినవాళ్ళకి అందులో అద్భుతం కన్నా ముందస్తు గుర్తులే ఎక్కువ కనిపించి ఉండాలి.

మొదటి గుర్తు, నా లెక్కలో అన్నిటికన్నా బలమైనది, అంతకు ముందు మార్చి. 1953లో ఇదే మైలన్ స్టేట్ ఆఖరి నాలుగు జట్లలోకి వచ్చింది. అక్కడ సౌత్ బెండ్ సెంట్రల్ చేతిలో 56-37తో చిత్తుగా ఓడింది. ఆ రికార్డు చూసినవాళ్ళు 19 పాయింట్ల తేడా చూసి, చిన్న ఊరి వాళ్ళు, అక్కడిదాకా రావడమే ఎక్కువ అనుకుంటారు. చూడాల్సింది మాత్రం ఆ రోజు ఆడిన పిల్లల్లో మళ్ళీ ఏడాది ఎవరెవరు ఉంటారన్నది. ప్లంప్, రే క్రాఫ్ట్, జీన్ వైట్ లాంటి కుర్రాళ్ళు అప్పుడు పదకొండో తరగతిలో ఉన్నారు. అంటే 1954లో వచ్చిన జట్టు అంత పెద్ద హాలు, అంత జనం, ఆ గోల అన్నీ ఒకసారి చూసి వచ్చిన జట్టు. హైస్కూల్ ఆటలో దీని విలువ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కన్నా చాలా ఎక్కువండి, ఎందుకంటే ఆడేది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు, రెండొందల మంది కూర్చునే స్కూల్ జిమ్ నుంచి ఒక్కసారిగా పదిహేను వేల మంది మధ్యలోకి వస్తే ఎవరికైనా చేతులు వణుకుతాయి.

కాబట్టి మీ పిల్లల జట్టును చూసేటప్పుడు ఈ ఏడాది రికార్డు కన్నా ముందు అడగాల్సింది, పోయిన ఏడాది టోర్నమెంట్‌లో ఆడినవాళ్ళు ఎంతమంది మిగిలారు అని. అందులో బంతి చేతిలో ఉంచుకుని ఆట నడిపించేవాడు ఉన్నాడా లేడా అన్నది మరీ ముఖ్యం. బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు సెంటర్ గ్రాడ్యుయేట్ అయి వెళ్ళిపోతే ఏదోలా సర్దుకోవచ్చు, ఆట నడిపించే ఆ పాయింట్ గార్డ్ వెళ్ళిపోయి కొత్తవాడు వచ్చిన జట్టు మార్చిలో తడబడుతుంది.

ఇప్పుడు ఆట వేగం సంగతికొద్దాం, నేను అసలు ఈ వీడియో చేస్తున్నది దీనికోసమే. మైలన్ కోచ్ మార్విన్ వుడ్‌కి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. బట్లర్ యూనివర్సిటీలో టోనీ హింకిల్ దగ్గర ఆడి వచ్చినవాడు. తన కుర్రాళ్ళు పొట్టి అని తెలుసు కాబట్టి, బంతిని చేతుల్లో పెట్టుకుని, కోర్టంతా ఖాళీ చేసి, మంచి షాట్ దొరికేదాకా ఓపిగ్గా తిరిగే పద్ధతి నేర్పాడు. ఇన్ని సెకన్లలోపు షాట్ వేయాల్సిందే అనే షాట్ క్లాక్ అప్పుడు లేదు, ఎంతసేపు పట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఫైనల్లో సగం ఆటకి మైలన్ 23-17తో ముందుంది, మూడో క్వార్టర్‌లో మన్సీ పుంజుకుని 26-26 చేసింది, నాలుగో క్వార్టర్ మొదట్లో రెండు ఫ్రీ త్రోలతో (ఎదుటివాళ్ళ ఫౌల్‌కి దొరికే అడ్డులేని షాట్లు) 28-26కి వెళ్ళింది. అక్కడ వుడ్ చేసిన పని చాలామందికి ఇప్పటికీ మింగుడుపడదు. రెండు పాయింట్లు వెనకబడి ఉన్న జట్టు, 4 నిమిషాల 13 సెకన్లు బంతిని పట్టుకుని నిలబడింది. ప్లంప్ అలా బంతితో నుంచునే ఉన్నాడు. ముందున్న మన్సీకి బయటికొచ్చి లాక్కోవాల్సిన అవసరం కనిపించలేదు.

వెనకబడినవాడు టైమ్ వృథా చేయడం పిచ్చిపని అనిపిస్తుంది, కానీ లెక్క వేరు. నాణెం ఒకటి కొంచెం బొమ్మ వైపు మొగ్గే నాణెం అనుకోండి, వందసార్లు ఎగరేస్తే బొమ్మే ఎక్కువ పడుతుంది, అదే ఐదుసార్లు ఎగరేస్తే ఏదైనా జరగొచ్చు. బలమైన జట్టుకి ప్రతి దాడిలోనూ, అంటే బంతి చేతికొచ్చిన ప్రతిసారీ, చిన్న ఆధిక్యం ఉంటుంది, అది పనిచేయాలంటే దాడులు ఎక్కువ జరగాలి. దాడుల సంఖ్య తగ్గించేకొద్దీ బలహీనమైన జట్టుకి అవకాశం పెరుగుతుంది. తేడా ఒక్క బాస్కెట్టే ఉన్నప్పుడు, ఆటను చివరి రెండు మూడు దాడులకి కుదించేయడం మైలన్‌కి లాభం. ఆ పట్టుకున్న బంతితో ప్లంప్ వేసిన షాట్ తప్పింది కూడా, అయినా మన్సీ బంతి పోగొట్టుకుంది, క్రాఫ్ట్ 28-28 చేశాడు, ప్లంప్ రెండు ఫ్రీ త్రోలు వేస్తే 30-28, మన్సీ మళ్ళీ సమం చేసింది, ఆఖరికి ప్లంప్ షాట్.

అయితే అందరూ ఇక్కడితో ఆగిపోయి, మైలన్ అంటే నెమ్మదిగా ఆడే జట్టు అని ముద్ర వేసేస్తారు. అది పూర్తి నిజం కాదు. అదే టోర్నమెంట్‌లో, ఫైనల్‌కి ముందు వాళ్ళు ఇండియానాపొలిస్ క్రిస్పస్ అటక్స్ మీద 65-52తో గెలిచారు. అటక్స్ జట్టులో అప్పుడు పదో తరగతి కుర్రాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ ఉన్నాడు. అవును, తర్వాత ఎన్‌బీఏలో దిగ్గజమైన ఆ రాబర్ట్‌సనే. ఫైనల్ రోజే మధ్యాహ్నం టెర్రె హాట్ గెర్స్ట్‌మేయర్ మీద 60-48. అంటే వేగంగా ఆడాల్సొస్తే ఆడగలరు, ఆపాల్సొస్తే ఆపగలరు. నేను ఒక జట్టులో వెతికేది సరిగ్గా ఇదే. ఒకే ఒక్క పద్ధతిలో గెలిచే జట్టు, ఎంత బాగా గెలిచినా, టోర్నమెంట్‌లో ఎవరో ఒక కోచ్ ఆ పద్ధతిని మూసేస్తాడు. మూసేసిన రోజున ఏం చేస్తారో తెలియాలంటే సీజన్లో వాళ్ళకి నచ్చని వేగంలో జరిగిన ఆటలు వెతికి చూడండి, 75-40తో గెలిచిన ఆటలు వదిలేయండి.

ఇంకో మాట, ఒకే రోజు రెండు ఆటలు అన్నాను కదా. అలాంటి షెడ్యూల్ ఉన్నచోట బెంచ్ సంగతి కూడా చూడాలి. ఐదుగురే ఆడే జట్టు సాయంత్రానికి కాళ్ళు ఈడుస్తుంది.

[స్క్రీన్ మీద: దాడుల సంఖ్య = వేసిన షాట్లు + ఫ్రీ త్రోల్లో 0.44 వంతు − దాడిలో పట్టిన రీబౌండ్లు (తప్పిన సొంత షాట్లని మళ్ళీ పట్టినవి) + టర్నోవర్లు (షాట్ వేయకుండా బంతి పోగొట్టుకున్నవి)]

ఇప్పుడు చేతిలో బాక్స్ స్కోరు, అంటే ఆట అంకెలన్నీ ఉండే పట్టిక, ఉంటే చేసుకోగలిగే లెక్క. బాస్కెట్‌బాల్ గణాంకాల్లో డీన్ ఆలివర్ అనే ఆయన నాలుగు విషయాలు చూడమన్నారు: షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు, తప్పిన షాట్లని మళ్ళీ ఎన్నిసార్లు పట్టుకుంటున్నారు, ఫ్రీ త్రోల దాకా ఎంత తరచుగా వెళ్తున్నారు. ఆయన ఇచ్చిన ప్రాధాన్యం సుమారుగా 40, 25, 20, 15 శాతం. ఇది ఎన్‌బీఏ కోసం వేసిన లెక్క, హైస్కూల్‌కి వచ్చేసరికి నేను టర్నోవర్లకి ఇంకాస్త ఎక్కువ బరువు ఇస్తాను, పిల్లలు ప్రెస్ (ఎదుటి జట్టు కోర్టంతా మీదపడి అడ్డుకోవడం) చూసి కంగారుపడి బంతి విసిరేసే ఆటలు అన్ని చూశాం కదా. ఉదాహరణకి ఒక జట్టు 50 షాట్లు, 20 ఫ్రీ త్రోలు వేసి, 8 దాడి రీబౌండ్లు పట్టి, 15 టర్నోవర్లు చేసిందనుకోండి. పై లెక్కన 50కి 8.8 కలిపి, 8 తీసేసి, 15 కలిపితే దాదాపు 66 దాడులు. అందులో 15 షాటే వేయకుండా పోయాయి, అంటే ప్రతి నాలుగైదు దాడుల్లో ఒకటి గాల్లో కలిసిపోయింది. ఈ జట్టు సీజన్ మొత్తం గెలుస్తూ వచ్చినా సరే, నేను దాని మీద నమ్మకం పెట్టుకోను. పాయింట్లు కూడా ఆటకి ఎన్ని అని కాకుండా దాడికి ఎన్ని అని చూస్తేనే నెమ్మదిగా ఆడే జట్టుకి న్యాయం జరుగుతుంది, లేకపోతే ఆటకి 45 పాయింట్లు వేసే మంచి జట్టు కాగితం మీద బలహీనంగా కనిపిస్తుంది.

ఫ్రీ త్రోల రూల్ మారింది, అది గమనించండి. 2023-24 సీజన్ నుంచి జాతీయ హైస్కూల్ నియమాల్లో పాత వన్ అండ్ వన్ (మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది ఇవ్వడం) తీసేశారు. ఒక క్వార్టర్‌లో జట్టు ఐదో ఫౌల్ నుంచి నేరుగా రెండు ఫ్రీ త్రోలు, క్వార్టర్ మారగానే లెక్క మళ్ళీ సున్నా. దాంతో ముందున్న జట్టులో చివరి రెండు నిమిషాలు బంతి ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళ ఫ్రీ త్రో శాతమే చూడాలి, జట్టు సగటు కాదు. షాట్ క్లాక్ సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, 2022-23 నుంచి 35 సెకన్ల క్లాక్ పెట్టుకోవచ్చని రాష్ట్రాలకి వదిలేశారు. మీ రాష్ట్రంలో ఉందా లేదా కనుక్కోండి, ఉంటే వుడ్ చేసినట్టు నాలుగు నిమిషాలు పట్టుకోవడం కుదరదు.

రికార్డు చివర చూడమన్నాను కదా, దానికి అటక్స్ కథే సాక్ష్యం, నిజం చెప్పాలంటే మైలన్ కన్నా ఇది ఎక్కువమందికి తెలియాలని నా కోరిక. క్రిస్పస్ అటక్స్ 1927లో నల్లజాతి పిల్లల్ని వేరుగా పెట్టడానికే ఇండియానాపొలిస్‌లో కట్టిన స్కూలు. 1940ల మొదటి దాకా వాళ్ళని స్టేట్ టోర్నమెంట్‌లోకే రానివ్వలేదు. ఆటలు పెట్టుకునేంత జిమ్ కూడా లేక, ఎక్కడెక్కడి ఊళ్ళకో వెళ్ళి ఆడేవాళ్ళు. 1954లో మైలన్ చేతిలో ఓడారు. మళ్ళీ ఏడాది రే క్రో కోచింగ్‌లో, ఒక ఏడు పెద్దవాడైన రాబర్ట్‌సన్‌తో, మన్సీ సెంట్రల్‌ని 71-70తో దాటి, ఫైనల్లో గ్యారీ రూజ్‌వెల్ట్‌ని 97-74తో ఓడించి టైటిల్ తీసుకున్నారు. 1956లో ఒక్క ఆట కూడా ఓడకుండా 31కి 31 గెలిచి మళ్ళీ తీసుకున్నారు. 1954 మార్చిలో వాళ్ళ ఖాతాలో ఉన్నది ఒక ఓటమి. ఆ ఓటమిలో ఆడినవాళ్ళ వయసు చూసినవాడికి మాత్రం తర్వాతి రెండేళ్ళు కనిపించేవి. 1955లో గెలిచి వచ్చిన ఆ పిల్లల ఊరేగింపును నగరం నడిబొడ్డున సంబరం చేసుకోనివ్వకుండా నల్లజాతి వాళ్ళుండే పేటలోని పార్కుకి మళ్ళించారు. ఇది చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు ఇండియానాలో మైలన్ లాంటిది జరిగే వీలు లేదు, 1997-98 నుంచి టోర్నమెంట్‌ని స్కూలు సైజును బట్టి నాలుగు విభాగాలుగా విడగొట్టారు. కెంటకీలో మాత్రం ఇప్పటికీ ఒకటే టైటిల్, 16 ప్రాంతాల విజేతలు స్కూలు చిన్నదా పెద్దదా అన్న తేడా లేకుండా లెక్సింగ్టన్‌లో తలపడతారు. ఈ పద్ధతిలో అంచనా వేయడం ప్రాక్టీస్ చేయాలంటే అంతకన్నా మంచి టోర్నమెంట్ లేదు.

మీ పిల్లల జట్టువి, అబ్బాయిలదైనా అమ్మాయిలదైనా, చివరి ఐదు ఆటల బాక్స్ స్కోర్లు తీసుకుని పైన చెప్పిన దాడుల లెక్క కట్టండి. పది పాయింట్ల లోపు తేడాతో ముగిసిన ఆటల్నే ఎంచుకోండి, అందులో నాలుగో క్వార్టర్ టర్నోవర్లు విడిగా రాసుకోండి. ఆ అంకెలు కామెంట్లో పెడితే, టోర్నమెంట్ షెడ్యూల్లో మీకు ఎదురుపడే మొదటి జట్టుతో పోల్చి వచ్చే వీడియోలో కలిసి చూద్దాం.