మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) నిపుణుల శిక్షణ: మందు రాసే ముందు జబ్బు పేరు తేల్చడం

విశాఖపట్నం స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: న్యూరాలజిస్టు, న్యూరో రేడియాలజిస్టు, ఇమ్యునాలజీ ల్యాబ్ నిపుణురాలు.

సమన్వయకర్త: నమస్కారం. ఎండీ తర్వాత మూడేళ్లు డీఎం న్యూరాలజీ చదివినవాళ్లకి కూడా మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే ఎంఎస్‌లో, విడిగా శిక్షణ కావాలంటున్నారు. ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల పైపొరని దెబ్బతీసే జబ్బిది. ఎందుకండీ?

న్యూరాలజిస్టు: ఆ మూడేళ్లూ వార్డు నిండా పక్షవాతం, మూర్ఛ, జీబీఎస్ (గులియన్-బారే అనే నరాల జబ్బు), మెదడు ఇన్ఫెక్షన్లే ఉంటాయి. మధ్యలో ఎంఎస్ కేసు వస్తే దాడి, అంటే ఉన్నట్టుండి ముదిరిన లక్షణాలు, తగ్గించి ఇంటికి పంపిస్తాం. ఆ మనిషి అయిదేళ్ల తర్వాత ఎలా నడుస్తున్నారో రెసిడెంటుకి తెలిసే వీలుండదు. ఫెలోషిప్, అంటే డీఎం తర్వాతి ప్రత్యేక శిక్షణ, ఏడాదో రెండేళ్లో ఉంటుంది. అందులో నేర్చుకోవాల్సిన అసలు పని ఒకటుంది: ఇది ఎంఎస్ కాదు అని చెప్పగలగడం.

సమన్వయకర్త: కాదని చెప్పడం అంత కష్టమా?

న్యూరాలజిస్టు: కష్టమే. ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అనే జబ్బు కూడా కంటి నరాన్నీ వెన్నుపామునూ పట్టుకుంటుంది. మన దేశంలోనూ ఇది కనబడుతుంది. దానికి కారణమయ్యే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ 2004లో బయటపడింది. అంతకు ముందు చాలామంది దీన్ని ఎంఎస్‌లో ఒక రకమే అనుకున్నారు. ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నాటలిజుమాబ్ ఎంఎస్‌కి పనికొచ్చే మందులు. అవే ఎన్ఎంఓ రోగికి ఇస్తే దాడులు పెరగవచ్చు. జబ్బు పేరు తప్పుగా పెడితే మందే హాని చేస్తుంది. అందుకే ఫెలోకి మందుల పట్టిక కంటే ముందు ఈ తేడా ఒంటబట్టాలి.

సమన్వయకర్త: మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ఉన్నాయి కదా, వాటితో తేలదా?

న్యూరాలజిస్టు: అక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎంఎస్ లాగే కనిపించే దాడి వచ్చాక దాన్ని నిర్ధారించడానికి తయారైన ప్రమాణాలవి. తలనొప్పితో వచ్చిన మనిషి ఎంఆర్ఐలో తెల్లచుక్కలు లెక్కపెట్టడానికి కాదు. 2017 ప్రమాణాల ప్రకారం నాలుగు చోట్లలో కనీసం రెండింట మచ్చలుండాలి: జఠరికల (మెదడులోని నీటి గదుల) పక్కన, కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) లేదా దాన్ని ఆనుకుని, మెదడు కింది భాగంలో, వెన్నుపాములో. 2024 సవరణ కంటి నరాన్ని అయిదో చోటుగా చేర్చింది. ఇదంతా ఫెలోకి కంఠతా వచ్చినా, దాడి తీరు గుర్తుపట్టలేకపోతే ఉపయోగం లేదు. ఆగని వెక్కిళ్లు, వాంతులతో వచ్చిన అమ్మాయికి ఎండోస్కోపీ చేస్తారు, ఏమీ దొరకదు. ఆ వెక్కిళ్లు మెదడు కాండంలోని ఏరియా పోస్ట్రెమా నుంచి రావచ్చు. అది ఎన్ఎంఓ గుర్తు. ఈ ప్రశ్న అడగడం రాకపోతే రోగి తనంతట తాను చెప్పరు.

సమన్వయకర్త: సార్, మీ వైపు నుంచి ఫెలోకి ఏం నేర్పుతారు?

రేడియాలజిస్టు: రిపోర్టు చదవడం కాదు, బొమ్మలు తానే చూడడం. ఎంఎస్ మచ్చ కోలగా, జఠరికకి నిలువుగా ఉంటుంది, కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. వెన్నుపాములో అది పొట్టిగా, అంచువైపు ఉంటుంది. ఎన్ఎంఓ మచ్చ మధ్యలో ఉండి, మూడు వెన్నుపూసలు లేదా అంతకంటే ఎక్కువ పొడవు సాగుతుంది. కానీ స్కాన్ ఎప్పుడు తీశారన్నది చూడాలి. దాడి వచ్చిన కొన్ని వారాల తర్వాత తీస్తే ఆ పొడుగు మచ్చ కుదించుకుని ముక్కలుగా కనబడుతుంది, ఎంఎస్ అనిపిస్తుంది. ఎంఎస్ లాగే కనిపించే మరో జబ్బు, మాగ్ (MOG) యాంటీబాడీ జబ్బులోనైతే మచ్చ పూర్తిగా మాయం కూడా కావచ్చు. కాబట్టి దాడి తేదీ, స్కాన్ తేదీ పక్కపక్కన రాయకుండా బొమ్మ మీద అభిప్రాయం చెప్పకూడదు.

ఇంకో సంగతి. కాళ్లు బలహీనమయ్యాయని నడుము ఎంఆర్ఐ ఒక్కటే రాస్తారు. జబ్బు మెడలోనో వీపులోనో ఉంటుంది. మెడ, వీపు రెండూ తీయాలి, అడ్డుకోత బొమ్మలు కూడా ఉండాలి. గాడోలినియం (మచ్చలు మెరిసేలా నరంలోకి ఇచ్చే మందు) ఇచ్చాక కనీసం 5 నిమిషాలు ఆగాలి. తొందరపడితే మెరవాల్సిన మచ్చ మెరవదు. మందు మొదలెట్టాక మూడు నుంచి ఆరు నెలల్లో మరో స్కాన్ తీసి, దాన్నే కొత్త ఆధారంగా పెట్టుకోవాలి. తర్వాత ఏడాదికోసారి, వీలైతే అదే మెషీన్ మీద.

సమన్వయకర్త: మేడమ్, ల్యాబ్‌లో ఎక్కడ దెబ్బతింటోంది?

ల్యాబ్ నిపుణురాలు: నమూనా తీసిన వేళ దగ్గర. ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) అయ్యాక రక్తం పంపితే యాంటీబాడీ అప్పటికే బయటికి పోయి ఉంటుంది. నెగెటివ్ వస్తుంది, దాన్ని నమ్మి జబ్బు పేరు మార్చేస్తారు. ఆక్వాపోరిన్‌కి వెన్నునీరు కంటే సీరమే (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మెరుగు. పరీక్ష సెల్ బేస్డ్ (కణాల మీద పరీక్షించే) పద్ధతిలో జరగాలి, ఎలైసా పద్ధతిలో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. అనుమానం బలంగా ఉండి నెగెటివ్ వస్తే మూడు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ చేయాలి.

మాగ్ సంగతి దీనికి ఎదురు. కనిపించిన ప్రతివాళ్లకీ ఆ పరీక్ష రాయకూడదు. తక్కువ టైటర్ (యాంటీబాడీ మోతాదు) పాజిటివ్ ఎంఎస్ వాళ్లలోనూ వస్తుంది. ఒలిగోక్లోనల్ బ్యాండ్ల (యాంటీబాడీ గీతల) పరీక్షకి వెన్నునీటితో పాటు అదే రోజు తీసిన సీరం కూడా పంపాలి. సీరంలో లేకుండా వెన్నునీటిలో మాత్రమే కనీసం రెండు బ్యాండ్లు కనిపించాలి. సీరం లేకుండా వచ్చిన నమూనాకి మేం జవాబు చెప్పలేం.

న్యూరాలజిస్టు: దానికి తోడు, వెన్నునీటిలో మైక్రోలీటరుకి 50కి మించి తెల్లకణాలుంటే ఎంఎస్ అనడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. గ్లూకోజు పడిపోతే ముందు టీబీ. మన ప్రాంతంలో టీబీ, బీ12 లోపం, సిఫిలిస్ మూడూ చూడకుండా ముందుకెళ్లకూడదు.

సమన్వయకర్త: ఉక్కపోత రోజుల్లో ఎంఎస్ వాళ్లు బాగా నీరసపడతారు. అది కొత్త దాడేనా?

న్యూరాలజిస్టు: చాలాసార్లు కాదు. ఒంటి వేడి పెరిగితే పాత లక్షణం తాత్కాలికంగా తిరిగి వస్తుంది, చల్లబడితే పోతుంది. దాడి అనాలంటే జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా 24 గంటలకి మించి ఉండాలి. ముందు మూత్ర పరీక్ష చేయించాలి. ఇన్ఫెక్షన్ వదిలేసి స్టెరాయిడ్ ఎక్కిస్తే మనిషి ఇంకా కుంగిపోతారు.

సమన్వయకర్త: రిటుక్సిమాబ్ (రక్షణ వ్యవస్థలోని బీ కణాలను తగ్గించే మందు) ఇప్పుడు విరివిగా ఇస్తున్నారు. ఫెలోకి అందులో ఏం నేర్పాలి?

న్యూరాలజిస్టు: 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఎస్ కోసం రిటుక్సిమాబ్‌ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఖర్చు భరించలేని కుటుంబాలకి అదే దిక్కు కాబట్టి ఇది పెద్ద మేలు. కానీ ముందు హెపటైటిస్-బీ చూడాలి. ఉపరితల యాంటీజెన్ ఒక్కటే రాసి, టోటల్ కోర్ యాంటీబాడీ వదిలేస్తారు. లోపల దాగిన వైరస్ మందు పడ్డాక లేస్తుంది. టీబీ పరీక్ష, ఐజీజీ (రక్షణ యాంటీబాడీ) స్థాయి చూడాలి. టీకాలు వీలైతే నాలుగు వారాల ముందే వేయాలి. ఎక్కించే అరగంట ముందు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్, యాంటీహిస్టమిన్ ఇచ్చి, మొదటిసారి గంటకి 50 మిల్లీగ్రాములతో మొదలెట్టి, అరగంటకోసారి 50 పెంచుతూ 400 వరకు వెళ్లాలి. గొంతు పట్టేసినట్టుంది, దురద అంటే ఆపాలి. తగ్గాక సగం వేగంతో మళ్లీ. ఇది ఫెలో మంచం పక్కన నిలబడి స్వయంగా చేయాలి.

నడక కూడా అంతే, అడిగి రాసుకోకూడదు. ఈడీఎస్ఎస్ అనే వైకల్య స్కోరులో నాలుగు అంటే ఊతం లేకుండా 500 మీటర్లు. ఆరు అంటే ఒక పక్క కర్రతో 100 మీటర్లు. నడిపించి కొలవాలి. రోగి చెప్పిన దూరాన్నే రాస్తే వచ్చే ఏడాది జబ్బు పెరిగిందో లేదో తెలీదు. ఎంఎస్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న వైకల్యం. సర్టిఫికెట్‌కి సాయం చేయడం కూడా ఈ డాక్టరు పనే.

సమన్వయకర్త: శ్రీకాకుళం, పాడేరు వైపు ఫిజీషియన్ దగ్గరికి ఒక్కసారిగా చూపు పోయిన మనిషి వస్తే, మొదటి రోజు ఏం చేయాలి?

ల్యాబ్ నిపుణురాలు: స్టెరాయిడ్ మొదటి డోసుకి ముందే సాదా ట్యూబులో 5 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టాక సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. తేదీ, వేళ, ఇచ్చిన మందులు ఫారం మీద రాయాలి.

న్యూరాలజిస్టు: రిపోర్టు కోసం మాత్రం చికిత్స ఆపకూడదు. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ రోజుకి ఒక గ్రాము, మూడు నుంచి అయిదు రోజులు. మూడో రోజుకి చూపు మళ్లీ కొలిచి, కదలిక లేకపోతే ప్లాస్మా మార్పిడి చేయగల చోటికి ఆ రోజే పంపాలి. ఆ సీరం ట్యూబు, ఎంఆర్ఐ సీడీ రోగితోనే రావాలి.