మేనత్త నిలబెట్టిన మహాచైత్యం

శ్రోతలకు నమస్కారం.

నాగార్జునసాగర్ అనగానే చాలామందికి డ్యామ్ గేట్లే గుర్తొస్తాయి. గేట్లెత్తారని టీవీలో చూపించడం ఆలస్యం, కార్లు బయలుదేరతాయి. నాలుగు ఫొటోలు, చేపల వేపుడు, చీకటిపడేసరికి ఇల్లు. నన్నడిగితే, ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లు ముందు లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లాలి. గేట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మేము మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, అక్కడి లాంచీ స్టేషన్‌లో టికెట్లు తీసుకున్నాం. మా అత్తయ్యగారికి నీళ్లంటే భయం. లైఫ్ జాకెట్ వేశాక, "ఇది ఊడిపోదు కదా బాబూ?" అని లాంచీ కుర్రాణ్ణి అడిగారు. "మీరు లాగినా ఊడదు మామ్మగారూ" అన్నాడు. పులిహోర డబ్బా మాత్రం ఒళ్లోంచి దించలేదు ఆవిడ.

గాలిని బట్టి ముప్పావుగంట, గంట పడుతుంది. పిల్లలకు కథ చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఎందుకంటే చూడబోయే ఊరు కొండ మీద లేదు, లాంచీ కింద ఉంది! క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో శాసన పరిశోధకుడు రంగస్వామి సరస్వతి ఇక్కడి శిథిలాలను గుర్తించారు. 1955లో డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్దఎత్తున తవ్వకాలు చేశారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండ మీదా, ఇవతలి ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి.

తేదీలు పిల్లలకు పట్టవు. చుట్టరికాలు పడతాయి. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కుమారస్వామి భక్తుడు. ఆయన చెల్లెలు చాంతిసిరికి బుద్ధుడంటే భక్తి. ఇద్దరిదీ ఒకే ఇల్లు! అన్న కొడుకు వీరపురుషదత్తుడు గద్దెనెక్కిన ఆరో ఏట, ఆమె పూనుకుని మహాచైత్యాన్ని, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, పూర్తి చేయించింది. తర్వాతి శాసనంలో అదే మేనల్లుణ్ణి అల్లుడని చెప్పుకుంది. అంటే మేనరికం అన్నమాట. అది వినగానే అత్తయ్యగారు భయం మరచి, "మన ఇళ్లలోలాగే ఉందే!" అంటూ ముందుకు జరిగారు.

అదే వీరపురుషదత్తుడి రాణుల్లో ఉజ్జయిని ఆడపడుచు కూడా ఉంది, రుద్రధర భట్టారిక. ఒక రాతి స్తంభాన్నీ, దీనార మాషకాలనే నాణేలు 170నీ దానమిచ్చినట్టు ఆమె శాసనం చెబుతుంది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే, ఈ లోయలో బౌద్ధాన్ని నిలబెట్టినవాళ్లలో ముందు వరుస ఆడవాళ్లదే. గైడ్లు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు వెళ్లిపోతారు. అది నాకు నచ్చదు.

కొండ మీద మ్యూజియం బౌద్ధ విహారం, అంటే భిక్షువుల మఠం, ఆకారంలో కట్టారు. లోపల నిలువెత్తు బుద్ధుడి ముందు అందరూ ఆగుతారు. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన పలకల దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. నాగార్జునకొండ శిల్పాల్లో ఒక ఈటెగాడు ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు ప్యాంటు లాంటిది. మధ్య ఆసియా నుంచి వచ్చిన శక జాతి సైనికుడంటారు. మా చిన్నాడు ఆ బొమ్మను చూసి, "రాజులు పంచె కడితే ఇతను ప్యాంటు వేసుకున్నాడేంటి?" అన్నాడు. ఉజ్జయినిని ఆ రోజుల్లో ఏలింది శకులే. పడవలో చెప్పిన రాణి కథ వాడికి అప్పుడు అతికింది.

స్తూపాల దగ్గర వరసగా నిలబెట్టే అయిదేసి ఆయక స్తంభాల గురించి కూడా చెప్పండి. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం, బుద్ధుడి జీవితంలోని ఈ అయిదు ఘట్టాలకూ అవి గుర్తులు.

ఇబ్బందులూ ఉన్నాయి. తిరుగు లాంచీకి టైమ్ అయిందని తొందరపెడతారు, సగం చూడకుండానే పరిగెత్తాలి. కాబట్టి పొద్దున్నే మొదటి లాంచీ అందుకోండి. శుక్రవారం మ్యూజియం ఉండదు. గాలి ఎక్కువైతే లాంచీలు ఆపేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఒడ్డుకొచ్చాక ఓపిక ఉంటే ఆటో మాట్లాడుకుని అనుపు వెళ్లండి. లోయలోంచి తెచ్చి తిరిగి కట్టిన రంగస్థలం అక్కడే ఉంది, చుట్టూ మెట్లతో. ఎండ తగ్గాక వెళితే మంచిది. మిట్టమధ్యాహ్నం ఆ రాతి మెట్ల మీద కూర్చోవడం ఎవరివల్లా కాదు.