నల్లగొండలో నలుపు

శ్రోతలకు నమస్కారం.

బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల దగ్గర నేను మొట్టమొదట తీసుకునేది ఫీజు కాదు, నల్లరంగు ట్యూబు. రంగుల డబ్బా విప్పించి, నలుపు తీయించి, దాని మీద ఎవరి పేరు వాళ్లతో రాయించి ఒక బిస్కెట్ డబ్బాలో వేసి పక్కన పెడతాను. సాయంత్రం పోయేటప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. మొదటిసారి వచ్చినవాళ్లకు ఇది నచ్చదు. కిందటి ఎండాకాలం ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దాయన. ట్యూబు చేతిలోనే పట్టుకుని, "ఊరి పేరే నల్లగొండ గదా తమ్మీ, నలుపు లేకుంట గుట్ట ఎట్ల ఏస్తరు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

పొద్దున ఆరింటికి మా డాబా ఎక్కుతాను. ఒక చేతిలో చాయ్ గ్లాసు, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు. బ్రష్షు చాయ్‌లో ముంచిన రోజులు కూడా ఉన్నాయి. డాబా మీద నుంచి లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపిస్తుంది. అరచేతికి కాస్త పెద్దదైన కాగితం ముక్క మీద, నలభై నిమిషాల్లో, ఆ పూట గుట్ట ఎలా ఉందో అలా వేస్తాను. నలభై నిమిషాలు కాగానే ఆపేస్తాను, సగంలో ఉన్నా సరే. వెనక తారీఖు వేసి అట్టపెట్టెలో పడేస్తాను. 2017 ఉగాది నాడు మొదలుపెట్టాను. జ్వరాలకు, పెళ్లిళ్లకు, ఊళ్లు తిరగడానికి తప్పిపోయిన రోజులు పోగా, ఇప్పటికి రెండువేలు దాటాయి. వాటిలో నలుగురికి చూపించదగ్గవి నూటికి పది ఉంటే గొప్ప.

కాగితం గురించి ఒక మాట. నీటిరంగులకు నూలు కాగితం కావాలి, అది ఖరీదు. అందుకే ఇరవై రెండు అంగుళాలు, ముప్పై అంగుళాల ఫుల్ షీటు కొని, అటు నాలుగు ఇటు నాలుగు భాగాలు చేస్తాను. పదహారు ముక్కలొస్తాయి. రెండు షీట్లతో నెల గడిచిపోతుంది. ముక్క చిన్నది కాబట్టి పాడైనా ప్రాణం ఉసూరుమనదు. పెద్ద షీటు ముందు కూర్చుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

మా అమ్మకు ఈ పని అస్సలు అర్థం కాదు. కింద వాకిలి ఊడుస్తూ, "రోజూ అదే గుట్టేనా? అది యాడికన్న పోతదారా?" అంటుంది. జపాన్‌లో హొకుసాయి అని ఒక చిత్రకారుడు ఉండేవాడమ్మా, డెబ్బై ఏళ్ల వయసులో ఒక్క ఫూజీ కొండ మీదనే 36 బొమ్మలు చేశాడు, జనానికి నచ్చితే ఇంకో పది కలిపాడు అని చెప్పాను. "ఆయనకు జనం అడిగిండ్రు. నిన్నెవరు అడిగిండ్రు?" అంది. జవాబు లేదు.

గుట్ట ఎటూ పోదు, నిజమే. వెలుతురు పోతుంది. జనవరిలో పొగమంచు ఉన్న పూట గుట్ట మొత్తం ఆకాశంలో కలిసిపోయి, అంచు ఒక్కటే తెలుస్తుంది. వాన పడి వెలిసిన పొద్దున రాళ్లు తడిసి ముదురుగా ఉంటాయి, మధ్యలో పచ్చిక ఎగదన్నుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడు కొట్టేసరికే బండలు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. మన దగ్గరి గ్రానైట్‌లో ఆ గులాబీ ఉంటుంది, దగ్గరికి పోయి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ ఎండలకు మాకు ఇంకో కష్టం. ఆకాశానికి నీలం పూత పూస్తూ కాగితం ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చేలోగా, మొదలుపెట్టిన చోట ఆరిపోయి గీత పడుతుంది. వానాకాలంలో తిరకాసు ఇటు నుంచి. ఎంతసేపటికీ ఆరదు. స్టవ్వు పక్కన ఆరబెట్టుకోవాలి, అమ్మ చేత మాటలు పడాలి.

ఇన్ని రంగులు కళ్ల ముందు మారుతున్నా, మొదటి మూడేళ్లూ నేను నీడలన్నీ నలుపుతోనే వేశాను. దానికి కారణం మా ఉస్తాద్.

నేను ఆర్ట్ కాలేజీలో చదువుకున్నవాణ్ణి కాదు. పదో తరగతి తర్వాత గడియారం సెంటర్ దగ్గరి ఒక సైన్‌బోర్డుల దుకాణంలో చేరాను. కిరాణాలు, టైలర్లు, క్లినిక్కులు, ఎన్నికలప్పుడు గోడలు. ఉస్తాద్ నీలిమందు అద్దిన దారాన్ని గోడకు అటొకరు ఇటొకరం పట్టుకోమని, మధ్యలో లాగి వదిలేవాడు. టప్పున ఒక నీలం గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు. అక్షరం పూర్తయ్యాక కిందవైపు, కుడివైపు నలుపుతో షేడ్ కొట్టాలి. అప్పుడు అక్షరం గోడ మీద నుంచి లేచి ముందుకు వస్తుంది. "షేడ్ అంటే నలుపు, నలుపు అంటే షేడ్" అని ఉస్తాద్ లెక్క. సైన్‌బోర్డు వరకు అది నూటికి నూరు పాళ్లు సరైన లెక్కే. యాభై అడుగుల దూరం నుంచి, బస్సులో పోయేవాడికి కూడా కనపడాలి కదా. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మేం రెండు రోజులు రాసే బోర్డు రెండు గంటల్లో ప్రింటై రావడం మొదలైంది. ఉస్తాద్ దుకాణం మూసేశాడు. నేను బడుల్లో గోడల మీద బొమ్మలు వేస్తూ, పిల్లలకు డ్రాయింగ్ చెప్తూ బతికాను. ఒక ఆఫీసువాళ్లు ప్రహరీ గోడంతా బొమ్మలు వేయించుకుని డబ్బులు నేటికీ ఇవ్వలేదు. పోనివ్వండి.

అలా నలుపు అలవాటు చేతిలో ఉండిపోయింది. ఒక జనవరి పొద్దున, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, నల్ల ట్యూబు మూత బిగుసుకుపోయి రాలేదు. పళ్లతో తిప్పితే ట్యూబే చిరిగి అంతా చేతికి అంటుకుంది. నలభై నిమిషాల్లో పది అప్పుడే పోయాయి. చేసేది లేక పింగాణీ సాసర్లో ఉన్న అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెనా అనే ఇటుక రంగు కలిపాను. బూడిద కాని బూడిద, నలుపు కాని నలుపు ఒకటి వచ్చింది. గుట్ట నీడవైపు పూశాను. ఆరాక చూస్తే, ఆ రెండు రంగులూ కాగితం గరుకులో విడివిడిగా పేరుకున్నాయి. ఇక్కడ నీలం నలుసు, అక్కడ ఎరుపు నలుసు. మేం దాన్ని గింజ కట్టడం అంటాం. అచ్చం బండరాయి లాగా ఉంది. పక్కన పెట్టి పాత బొమ్మ చూశాను. ట్యూబులోంచి తీసి పూసిన నలుపు కాగితానికి చిల్లు పడ్డట్టు ఉంది.

ఆ సాసరు కడగడానికి కిందికి తెచ్చినప్పుడు అమ్మ చూసి, "ఇదేందిరా, నీలిమందు, జాజు కలిపినవా?" అంది.

అమ్మ మాట వట్టిది కాదు. అల్ట్రామెరీన్ ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే లాజవర్దు రాయిని నూరి తీసేవాళ్లు, అందుకే యూరప్‌లో అది మహా ఖరీదైన రంగు. తెల్లమట్టి, సోడా, గంధకం లాంటివి కలిపి కాల్చి దాన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టినందుకు 1828లో గీమె అనే ఫ్రెంచి ఆయనకు బహుమానం ఇచ్చారు. అప్పటినుంచి అది చవకైపోయి తెల్లబట్టలకు పెట్టే నీలిమందు పొడిగా మన ఇళ్లలోకి కూడా వచ్చింది. ఇక బర్న్‌ట్ సియెనా అంటే ఇటలీలో సియెనా అనే ఊరి పేరు మీద పిలిచే మట్టి, కాల్చింది. దాని ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. మన జాజు ఎరుపూ ఇనుము వల్లనే. మా ఊళ్లో పండగ ముందు గోడలకు సున్నంలో కాస్త నీలిమందు కలిపి వేసేవాళ్లు, కిందివైపు జాజు పట్టీ తీసేవాళ్లు. నేను పుట్టి పెరిగిన గోడ మీదే ఆ రెండు రంగులూ ఉన్నాయి. నేను మాత్రం దుకాణంలో డబ్బులు పెట్టి నలుపు కొంటూ వచ్చాను.

ఆ తర్వాతి నుంచే బిస్కెట్ డబ్బా పద్ధతి పెట్టాను.

ఆదివారాలు ఒక బడిలో గది ఇస్తారు, పన్నెండు మందికి మించి తీసుకోను. బ్యాంకు ఉద్యోగి ఉంటారు, ఇంటర్ పిల్లలు ఉంటారు, పిల్లల పెళ్లిళ్లు చేసి ఊపిరి పీల్చుకున్న అమ్మలు ఉంటారు. ముందుగా ఒక కొండ గీయమంటాను. పిల్లలైనా పెద్దలైనా ఒకటే బొమ్మ: రెండు త్రిభుజాలు, నడుమ నుంచి సగం సూర్యుడు, కింద వంకర దారి, ఆకాశంలో నాలుగు పక్షులు. పన్నెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఒకరే వేసినట్టుంటాయి. అప్పుడు కిటికీ తెరుస్తాను. బయట గుట్ట ఉంటుంది. ఎక్కడుంది త్రిభుజం? బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి కుదేసినట్టు గుండ్రటి బండలు. పుట్టినప్పటి నుంచి దాని కింద తిరిగినవాళ్లు కూడా ఆ బండలను చూడలేదు, బొమ్మల పుస్తకంలోని త్రిభుజాన్నే చూశారు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. నేను షేడ్ కొట్టినట్టే వాళ్లూ చేశారు.

రెండో వారం పానగల్లు తీసుకుపోతాను, ఛాయా సోమేశ్వరాలయానికి. కందూరు చోడుల కాలంలో కట్టిన మూడు గర్భగుడుల గుడి అది. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద పొద్దస్తమానం ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు. మనలో చాలామందికి తెలిసిన వింతే. ముందున్న స్తంభాల సందుల్లోంచి వెలుతురు వేరువేరు వైపుల నుంచి చెదిరి వస్తుంది కాబట్టి అలా జరుగుతుందని చెప్తారు. నాకు కావలసింది ఇంకొకటి. లోపల నీళ్లు, రంగులు వాడనివ్వను. పెన్సిలే. కళ్లు చికిలించి చూసి, ఆ నీడ అంచు ఎక్కడ మొదలైందో గీయమంటాను. ఎవరూ గీయలేరు. అంచు లేదు. కాసేపు చూస్తే, నీడలో కూడా రాయి కనిపిస్తుంది, రాతి మరక కనిపిస్తుంది. బయట ఎండలో ఒక మనిషి నీడ చూపించి, దీని అంచు చూడండి అంటే కత్తితో కోసినట్టు ఉంటుంది. నా గంట పాఠం ఆ గుడి రెండు నిమిషాల్లో చెప్తుంది. లెక్కల మాస్టారు అక్కడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీడల గూడ వెలుగుందయ్యా" అని మెల్లగా అన్నారు.

ఇలా చెప్పుకుంటూ పోతే నలుపంటే నాకేదో పగ అనుకునేరు. నాకు గట్టిగా ఎదురుచెప్పింది, తేలియా రుమాలు అనే బట్ట నేసే పుట్టపాక నుంచి వచ్చిన ఒక నేత కుర్రాడు. "సార్, తేలియా రుమాలంటేనే ఎరుపు, నలుపు, తెలుపు. నలుపు తీసి డబ్బాల ఏస్తే మేం మగ్గం మూసుకోవాలె" అన్నాడు. అతను చెప్పింది సబబే. చేర్యాల నకాషీ బొమ్మల్లో ఎర్రటి నేల మీద మనుషులు నిలబడేదే నల్లటి గీత వల్ల, పాత పద్ధతిలో ఆ నలుపు దీపపు మసి నుంచి తీసేవాళ్లు. అక్కడ నలుపు నీడ కాదు, అదే ఒక రంగు. ఎరుపు ఎంత ముఖ్యమో అదీ అంతే. వెలుతురు చూసి వేసే బొమ్మలో నీడ బదులు నలుపు పూయడం గురించే నా పేచీ. ఆ కుర్రాడికి ఆ రోజు ట్యూబు వాపసు ఇచ్చేశాను. మిగతావాళ్లు గొడవ పెట్టారనుకోండి.

అతను నాకే ఒక సంగతి నేర్పి పోయాడు. మగ్గం మీద ఎరుపు దారం, నీలం దారం పక్కపక్కన పడితే దూరం నుంచి వంగపండు రంగు కనిపిస్తుందట. గింజ కట్టిన నా గుట్ట కూడా అదే కదా. ఇప్పుడు నేను ఆ రెండు రంగులను సాసర్లో పూర్తిగా కలపను. కాగితం మీదే కలవనిస్తాను. కొన్నిసార్లు కలుస్తాయి, కొన్నిసార్లు చెడిపోతాయి. నలభై నిమిషాలే కదా.

సాయంత్రం నాలుగున్నరకు బ్రష్షులు కడిగి, బిస్కెట్ డబ్బా మూత తీస్తాను. కొందరు ట్యూబు గుర్తుపెట్టుకుని తీసుకుంటారు, కొందరు మరిచిపోతారు, కొందరు మరిచిపోయినట్టు నటిస్తారు. మాస్టారి ట్యూబు ఇంకా నా దగ్గరే ఉంది. డబ్బాలో పదమూడు అయ్యాయి. మొన్న ఉస్తాద్ మనవడు మా ఇంటికి వచ్చి, "ఒకటి ఇవ్వవా మామా" అని పట్టుకుపోయాడు. రెండు రోజుల తర్వాత సైకిల్ తెచ్చి చూపించాడు. చైను కవరు మీద వాడి పేరు, ఎర్ర అక్షరాల్లో. కిందవైపు, కుడివైపు, నల్లగా షేడ్.

నమస్కారం.